ఇల్లు కొనే ముందు బిల్డింగ్ తనిఖీ: ఎప్పుడు, ఎవరితో, ఎలా చేయించుకోవాలి

ఇల్లు కొనేవాళ్లు కాగితాల కోసం లాయర్ని పెట్టుకుంటారు, లోను కోసం బ్యాంకు చుట్టూ తిరుగుతారు. గోడల సంగతికి వచ్చేసరికి మాత్రం హాల్లో నిలబడి నాలుగు వైపులా చూసి, ఒక కుళాయి తిప్పి, బాగానే ఉందనుకుని వచ్చేస్తారు. బ్యాంకు తరఫున వాల్యుయర్ వచ్చి చూశాడు కదా అన్న ధీమా ఒకటి. బ్యాంకు ఇచ్చే అప్పుకు ఆ ఆస్తి విలువ సరిపోతుందా లేదా అన్నదే ఆయన చూస్తాడు. పిల్లర్లో ఇనుము తుప్పు పట్టిందా, బాత్రూం కింద స్లాబు నానుతోందా అన్నది ఆయన పని కాదు.

ఇంటికి పాస్, ఫెయిల్ అని మార్కులు వేయడానికి తనిఖీ చేయించం. ప్రతి లోపం దగ్గరా మూడు ప్రశ్నలకు జవాబు కావాలి: ఇది ఎందుకు వచ్చింది, ఇంకా పెరుగుతుందా, బాగు చేయాలంటే ఎంత పని? ఇందులో మొదటి ప్రశ్నే ముఖ్యం. చూడటానికి వికారంగా ఉన్న పగులు వెనుక ఏమీ లేకపోవచ్చు, నిన్ననే రంగు వేసిన గోడ వెనుక చాలా ఉండొచ్చు.

ఎప్పుడు చేయించాలి

ధర దాదాపు కుదిరాక, పెద్ద మొత్తం చేతులు మారక ముందు. అంతకంటే ముందే చేయిస్తే, చూసిన ప్రతి ఇంటికీ ఇంజనీరు ఫీజు కట్టుకుంటూ పోవాలి. ఆ తర్వాతైతే రిపోర్టు చేతిలో ఉన్నా బేరమాడే బలం ఉండదు. ముందుగా కొంత అడ్వాన్సు ఇవ్వక తప్పకపోతే అగ్రిమెంటులో ఒక షరతు రాయించండి: ఫలానా తేదీలోపు కొనేవారు తనిఖీ చేయించుకోవచ్చు, నిర్మాణానికి సంబంధించిన పెద్ద లోపం బయటపడితే ధర మళ్లీ మాట్లాడుకోవాలి, లేదా అడ్వాన్సు వాపసు ఇవ్వాలి. "పెద్ద లోపం" అంటే ఏమిటో కూడా లాయరు చేత అక్కడే స్పష్టంగా రాయించాలి. లేకపోతే రేపు ఆ మాట మీదే గొడవ.

తనిఖీకి మంచి సమయం గట్టి వాన వెలిసిన ఒకటి రెండు రోజులకు. ఎండాకాలంలో ఏ డాబా అయినా పొడిగానే కనిపిస్తుంది.

కొత్త ఇల్లు కదా, దీనికి తనిఖీ దేనికి అనకండి. పాత ఇల్లు కొన్ని వానాకాలాలు చూసింది, దాని రోగాలు ఈపాటికి బయటపడి ఉంటాయి. కొత్తదాంట్లో అవి ఇంకా ప్లాస్టరింగ్ కిందే ఉంటాయి. కడుతున్న ఇల్లు అయితే స్లాబు కాంక్రీటు పోయకముందు ఇనుము కట్టినప్పుడు ఒకసారి, గోడల్లో పైపులు, వైర్లు పెట్టి ప్లాస్టరింగ్ చేయకముందు మరోసారి, తాళాలు తీసుకునే ముందు ఇంకోసారి చూపించడం మేలు. కాంక్రీటు పోసేశాక లోపల ఏముందో తెలుసుకోవడం చాలా కష్టం.

అమ్మేవాళ్లు తనిఖీకి అసలు ఒప్పుకోకపోతే? కారణం అడగండి. సరైన కారణం చెప్పకపోతే ఆ ఇల్లు వదిలేయడమే నయం.

ఎవరితో చేయించాలి

మేస్త్రీకీ, కాంట్రాక్టరుకూ అనుభవం ఉంటుంది, కాదనను. కానీ రిపేరు పని తనకే రావచ్చనుకునే మనిషి లోపాలను పెంచి చూపొచ్చు. బ్రోకరు తీసుకొచ్చిన మనిషికి బేరం చెడగొట్టాలని ఉండదు. అందుకే ఈ అమ్మకంలో గానీ, ఆ తర్వాత పనుల్లో గానీ లాభం లేని సివిల్ ఇంజనీర్ని మీరే వెతుక్కుని, ఫీజు మీరే ఇచ్చి పెట్టుకోండి. పిల్లర్లు, బీములు, పునాది మీద అనుమానం ఉంటే మామూలు సివిల్ ఇంజనీరు చాలడు, స్ట్రక్చరల్ ఇంజనీరు కావాలి. మామూలు తనిఖీలో కరెంటు, చెదలు, డ్రైనేజీ లోతుగా చూడరు కాబట్టి వాటికి ఆ పని తెలిసినవాళ్లను విడిగా పిలవాల్సి రావచ్చు.

ఫీజు మాట్లాడే ముందు, ఆయన ఇదివరకు రాసిన రిపోర్టు ఒకటి పేర్లు తీసేసి చూపించమనండి. అందులో ప్రతి లోపానికీ ఫొటో, ఎక్కడుందో, కారణం ఏమై ఉంటుందో, ఏం చేయాలో ఉండాలి. "జనరల్ కండిషన్ బాగుంది" అని రెండు పేజీల్లో ముగించే రిపోర్టు దండగ. డాబా ఎక్కుతారా, అటక చూస్తారా, డ్రైనేజీ మూతలు తీస్తారా, ఏవి చూడరు అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఆయన వచ్చేలోపు మీ పని

అప్రూవ్డ్ ప్లాను, దొరికితే స్ట్రక్చరల్ డ్రాయింగులు, మట్టి పరీక్ష రిపోర్టు సంపాదించండి. ఇల్లు ఎప్పుడు కట్టారు, పై అంతస్తు తర్వాత వేశారా, ఏ గోడైనా తీసేశారా, గతంలో ఏ రిపేర్లు చేశారు అన్నవి అమ్మేవాళ్లను అడిగి రాసుకోండి. ఒక్క అంతస్తుకు వేసిన పునాది మీద తర్వాత రెండో అంతస్తు లేపి ఉంటే, అది తట్టుకుంటుందా అన్నదే మీ ఇంజనీరుకు ఇచ్చే మొదటి ప్రశ్న.

అపార్ట్‌మెంటులో ఫ్లాట్ అయితే ఫ్లాటు లోపల మాత్రమే చూసి సంబరపడితే కుదరదు. అమెరికాలోని ఫ్లోరిడాలో సర్ఫ్‌సైడ్ అనే ఊళ్లో చాంప్లైన్ టవర్స్ సౌత్ అనే 12 అంతస్తుల అపార్ట్‌మెంటు 2021 జూన్ 24న అర్ధరాత్రి దాటాక కూలి 98 మంది చనిపోయారు. ఈత కొలను పక్కన డెక్ స్లాబు మీద నీళ్లు వెళ్లిపోవడానికి వాటం లేదని, వాటర్‌ప్రూఫింగ్ పాడై కింద కాంక్రీటు దెబ్బతింటోందని 2018లోనే ఒక ఇంజనీరు రిపోర్టు రాసి ఇచ్చాడు. ఆ రిపోర్టు తర్వాత అక్కడ ఫ్లాటు కొన్నవాళ్లు తమ హాలు, వంటగది ఎంత జాగ్రత్తగా చూసుకున్నా అది తెలిసేది కాదు. కాబట్టి అసోసియేషన్ మీటింగు మినిట్స్, పాత ఇంజనీరు రిపోర్టులు, వాయిదా పడుతున్న పెద్ద రిపేర్లు, వాటికి నిధి ఉందా లేదా అన్నవి అడగండి. ఇంజనీర్ని డాబా మీదికీ, సెల్లారులోకీ కూడా తీసుకెళ్లండి.

తనిఖీ రోజు కరెంటు ఉండాలి, ట్యాంకులో నీళ్లుండాలి, తాళం వేసిన గదులు తెరిచి ఉండాలి. గోడలకు ఆనించిన బీరువాలు కాస్త జరపమని ముందే చెప్పించండి. మీరూ వెంట ఉండండి. ఫోనులో రిపోర్టు చదివితే ప్రతి లోపమూ ఒకే సైజులో కనిపిస్తుంది. పక్కన నిలబడితే ఆయన ఎక్కడ మామూలుగా దాటేశాడో, ఎక్కడ ఆగి టార్చి వేసి మళ్లీ చూశాడో తెలుస్తుంది.

బయట నుంచి మొదలు

ముందు కాస్త దూరంగా నిలబడి మొత్తం ఇంటిని చూడాలి. పిట్టగోడ తిన్నగా ఉందా, ఏ వైపైనా ఒరిగిందా, నేల వాటం ఇంటి నుంచి బయటికి ఉందా లేక వాన నీళ్లన్నీ గోడ మొదట్లోకే చేరుతున్నాయా? గోడకు మరీ దగ్గరగా పెద్ద చెట్టు ఉంటే, అందులోనూ నల్లరేగడి లాంటి ఉబ్బి కుంచించుకుపోయే నేల అయితే, పునాది కదలడానికి అదొక కారణం. కింద మొత్తం పార్కింగ్ వదిలి గోడలు లేకుండా పిల్లర్ల మీదే అంతస్తులన్నీ లేపిన భవనాలకు భూకంపం వచ్చినప్పుడు ఆ కింది అంతస్తే బలహీనం. భూకంపాలు వచ్చే ప్రాంతమైతే డిజైనులో దీన్ని లెక్కలోకి తీసుకున్నారా అని స్ట్రక్చరల్ ఇంజనీర్ని ప్రత్యేకంగా అడగాలి.

పగుళ్లు

అందరినీ భయపెట్టేవి ఇవే, అందరూ తప్పుగా చదివేవీ ఇవే. ప్లాస్టరింగ్ మీద సాలెగూడులా సన్నగా అల్లుకున్న గీతలు సిమెంటు ఆరేటప్పుడు కుంచించుకుపోవడం వల్ల వస్తాయి. బీము కింద ఇటుక గోడ కలిసే చోట తిన్నగా వచ్చే గీత, రెండు పదార్థాలు వేడికి వేర్వేరుగా సాగడం వల్ల వస్తుంది. బయటి గోడ మీదైతే దాని గుండా వాన నీళ్లు దిగకుండా పూడ్చాలి, అంతకు మించి టెన్షన్ అక్కర్లేదు.

ఇటుక కీళ్ల వెంట మెట్లు మెట్లుగా పాకిన పగులు, కిటికీ మూల నుంచి ఏటవాలుగా లేచిన పగులు అలా కాదు. కిటికీ మీద గోడ బరువు మోసే అడ్డబీము (లింటెల్) సరిగా లేక రావచ్చు, పునాది ఒక వైపు కుంగి రావచ్చు. వెడల్పు ఎటు పెరుగుతోందో చూడాలి. గోడ మధ్య భాగం కుంగితే పగులు కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. చివరలు కుంగితే పైన వెడల్పుగా ఉంటుంది. ఆ గదిలో తలుపు పట్టేస్తోందా, తలుపు అంచు ఎప్పుడైనా చెక్కారా, నేల మీద గోలీ పెడితే ఒకే వైపు దొర్లుతోందా అన్నవి కలిపి చూస్తే బొమ్మ పూర్తవుతుంది.

బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఇటుక, రాతి గోడల పగుళ్లకు వాటి వెడల్పును బట్టి ఒక వర్గీకరణ ఇచ్చింది. 1 మి.మీ. వరకు చాలా స్వల్పం, 5 మి.మీ. వరకు స్వల్పం, 5 నుంచి 15 మధ్యస్థం, 15 నుంచి 25 తీవ్రం, 25 దాటితే గోడ నిలబడటమే అనుమానం. ఇది గోడలకే, పిల్లర్లకూ బీములకూ దీన్ని వాడకూడదు. గోడల్లో కూడా వెడల్పు ఒక్కదాన్ని బట్టి తీర్పు చెప్పలేం. కదలిక ఆగిపోయిన 4 మి.మీ. పగులు కన్నా, ఏటేటా పెరుగుతున్న 2 మి.మీ. పగులు గురించే ఎక్కువ ఆలోచించాలి. పగులు లోపలికి పాత రంగు దిగి, అంచులు మొద్దుబారి, దుమ్ము పట్టి ఉంటే అది పాతది. అంచులు పదునుగా, లోపల శుభ్రంగా ఉంటే కొత్తది. పుట్టీ పెట్టి పూడ్చిన చోటే మళ్లీ విచ్చుకుంటే అది ఇంకా కదులుతోంది.

బీము విషయంలో, పిల్లర్ దగ్గర పడే ఏటవాలు పగులు ప్రమాద సూచన. దాన్ని చూశాక స్ట్రక్చరల్ ఇంజనీరు మాట వినకుండా ఒక్క అడుగు ముందుకు వేయొద్దు. బీము మధ్యలో అడుగున వెంట్రుకంత గీతలు అంత భయపెట్టేవి కావు. కాంక్రీటు డిజైన్ నియమాలే మామూలు పరిస్థితుల్లో 0.3 మి.మీ. వరకు ఒప్పుకుంటాయి. పిల్లరు అంచు వెంట నిలువుగా, ఇనుము ఉన్న గీత మీదే పగులు వచ్చిందంటే లోపల తుప్పు మొదలైనట్టే.

స్లాబు, పిల్లర్లు: లోపలి తుప్పు

కొత్త కాంక్రీటు పీహెచ్, అంటే క్షారత కొలత, 12 నుంచి 13 దాకా ఉంటుంది. ఆ క్షారత వల్ల ఇనుము చుట్టూ ఒక రక్షణ పొర నిలుస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి నెమ్మదిగా లోపలికి దిగి ఆ క్షారతను తగ్గిస్తుంది. పీహెచ్ 9 దగ్గరికి పడిపోయాక ఆ పొర పోతుంది, చెమ్మ, గాలి తగిలితే ఇనుము తుప్పు పడుతుంది. సముద్రం గాలి, కడగని సముద్రపు ఇసుక, ఉప్పు నీళ్లు అయితే క్లోరైడ్ వల్ల ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. తుప్పు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది. అందుకే అది కాంక్రీటును లోపల నుంచి తోసి పగలగొట్టి, చివరికి పెచ్చులు రాలుస్తుంది.

సన్‌షేడ్ల అడుగు, బాల్కనీ అంచు, ట్యాంకు కింది స్లాబు, బాత్రూం కింది సీలింగు ముందుగా దెబ్బతినే చోట్లు. గోధుమరంగు మరకలు ఉన్నాయా, ఒక చోట మాత్రమే కొత్త సిమెంటు పూత ఉందా చూడండి. ఇంజనీరు చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతాడు. డొల్ల శబ్దం వచ్చిన చోట పై పొర విడిపోయి ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ ఉంటే కనీసం ఒక పలకైనా తీయించండి, పెచ్చులూడిన స్లాబును దాచడానికి అంతకన్నా సులువైన దారి లేదు.

అనుమానం బలపడితేనే పరీక్షలు. కాంక్రీటుకు తగిలి ఎంత వెనక్కి ఎగిరిందో చూపించే రీబౌండ్ హ్యామర్‌ను స్విట్జర్లాండ్ ఇంజనీరు ఎర్న్‌స్ట్ ష్మిట్ 1940ల చివర్లో తయారుచేశాడు. అది పైపొర గట్టిదనం మాత్రమే కొలుస్తుంది. పాత కాంక్రీటు పైపొర కార్బన్ డయాక్సైడ్ వల్ల గట్టిపడి ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క అంకె చూసి భవనం బలంగా ఉందని నమ్మకండి. కాంక్రీటు గుండా చెవికి వినపడని శబ్ద తరంగాన్ని పంపే అల్ట్రాసోనిక్ పరీక్షలో ఆ తరంగం సెకనుకు 4.5 కి.మీ. కన్నా వేగంగా పోతే కాంక్రీటు దట్టంగా ఉన్నట్టు, 3 కన్నా తగ్గితే అనుమానించాల్సినట్టు. ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షారత మిగిలి ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది, పోయిన భాగం రంగు మారదు. రంగు మారని లోతు ఇనుము దాకా వెళ్లిందా అన్నదే చూడాల్సింది. చివరి మార్గం డ్రిల్లుతో కాంక్రీటు ముక్క తీసి ల్యాబులో నలిపి చూడటం, దానికి యజమాని ఒప్పుకోవాలి.

నీళ్ల జాడ పట్టుకోండి

ఇళ్లకు వచ్చే రోగాల్లో ఎక్కువ భాగం నీళ్ల వల్లే. కాబట్టి పై నుంచి కిందికి నీళ్లు పోయే దారిలోనే మీరూ నడవండి. డాబా మీద రెండు బకెట్లు నీళ్లు పోసి ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. తూములు పూడుకుపోయాయా? పిట్టగోడ, స్లాబు కలిసే మూల పగిలిందా? పెంకుటిల్లు అయితే దూలాలను స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడాలి. కర్రలో తేమ 20 శాతం దాటి అలాగే ఉంటే కుళ్లు పట్టే అవకాశం ఉంది.

బాత్రూం బాగుందో లేదో బాత్రూంలో తెలియదు. దాని అవతలి గోడ, కింది గది సీలింగు చూడాలి. వీలైతే నీళ్లు పోయే రంధ్రం మూసి, నేల మీద నీళ్లు నిలిపి 24 గంటల తర్వాత కింద చూడటం మంచిది.

గోడ మీద చెమ్మ కనిపిస్తే దాని ఆకారం చూడండి. నేల నుంచి పైకి సుమారు ఒక మీటరు వరకు పట్టీలా పాకి, పైన తెల్లగా ఉప్పు పూసి ఉంటే పునాది నుంచి ఎక్కే చెమ్మ. అంచులు గోధుమరంగులో గుండ్రంగా ఉన్న మచ్చ అయితే పైపు లేదా పై కప్పు లీకు. గాలి ఆడని మూలల్లో, బీరువా వెనుక నల్లటి బూజు అయితే గదిలోని ఆవిరే చల్లటి గోడ మీద నీరవుతోంది. ఈ మూడింటికీ మందు వేర్వేరు, అయినా చాలామంది మూడింటికీ ఒకే వాటర్‌ప్రూఫ్ పెయింటు పూసి ఇల్లు అమ్మకానికి పెడతారు. ఇల్లంతా వదిలేసి ఒక్క గోడకే కొత్త రంగు, గది నిండా అగరుబత్తి వాసన ఉంటే నేనైతే ఆ గోడ దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను.

తేమ మీటరు ఉప్పు పేరుకున్న గోడ మీద ఎక్కువ చూపిస్తుంది. థర్మల్ కెమెరాకు కనిపించేది ఉష్ణోగ్రతలో తేడా మాత్రమే, నీళ్లు కాదు. రంగురంగుల ఫొటో చూసి మురిసిపోక, అదే చోట మీటరుతోనూ చూడమనండి.

పైపులు, కరెంటు, చెదలు

రెండు కుళాయిలు, షవరు ఒకేసారి తిప్పి, ఫ్లష్ కూడా నొక్కి ధార ఎంత తగ్గుతుందో చూడండి. కుళాయిలన్నీ కట్టేశాక కూడా నీటి మీటరు తిరుగుతుంటే ఎక్కడో లీకు ఉంది. డ్రైనేజీ ఛాంబరు మూత తీయించి, లోపల ఒకరు నీళ్లు వదులుతుంటే బయట ఎంత సాఫీగా వస్తున్నాయో చూడాలి. సెప్టిక్ ట్యాంకు ఉంటే ఎక్కడుంది, చివరిగా ఎప్పుడు ఖాళీ చేయించారు, బావికి గానీ బోరుకు గానీ ఎంత దూరం అన్నవి అడగండి.

కరెంటు బోర్డు మూత ఎలక్ట్రీషియను చేతే తీయించండి. మాడిన మరకలు, అతుకుల వైర్లు ఉన్నాయా? మనుషులకు షాకు తగలకుండా కాపాడే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్ ఉందా, దాని టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే కరెంటు ఆగిపోతోందా? ప్లగ్గులో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు, మీటరు పెట్టి కొలవాలి.

చెదలకు తలుపు చట్రాల అడుగు, గోడ మొదళ్లు, కప్‌బోర్డుల వెనుక మట్టి గీతల కోసం చూడండి. చట్రం తడితే డొల్లగా మోగుతోందంటే లోపల తినేసి ఉంటాయి. కొన్ని దశాబ్దాల కిందటి ఇళ్లలో ఆస్బెస్టాస్ రేకులు, సీసం కలిసిన రంగులు ఉండొచ్చు. అమెరికా ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించింది. అలాంటి అనుమానం ఉంటే గీకడం, కోయడం, పగలగొట్టడం చేయకుండా ముందు పరీక్ష చేయించాలి.

రిపోర్టు చదవడం, బేరం

ముందు చదవాల్సింది "చూడలేకపోయాం" అన్న పేజీ. తాళం వేసిన గది, సామాను నిండిన అటక, మూత తెరుచుకోని ఛాంబరు అన్నీ అక్కడ ఉంటాయి. అవి బాగున్నాయని ఆ ఇంజనీరు చెప్పలేదు, వాటి గురించి ఏమీ చెప్పలేదు. ముఖ్యమైనవి ఉంటే మళ్లీ ఒకసారి పిలిపించండి. "మరింత పరిశీలన అవసరం" అన్న వాక్యాన్ని కూడా మర్యాదకు రాసిన మాటగా తీసుకోవద్దు. ఆ పరిశీలన అగ్రిమెంటు గడువులోపు జరగాలి.

ఆ తర్వాత లోపాలను విడదీయండి. ప్రాణానికి ముప్పు ఉన్నవి, ఇప్పుడు వదిలేస్తే ఖర్చు పెరిగేవి, తీరిగ్గా చేయించుకోగలిగేవి. ఊడిన టైలు, గీతలు పడ్డ తలుపు మీద బేరమాడుతూ కూర్చుంటే అసలు విషయానికి వచ్చేసరికి అవతలివాళ్లు విసిగిపోతారు. మొదటి రెండు రకాల మీదే మాట్లాడండి, నోటి లెక్కలతో కాకుండా రిపేరుకు రాతపూర్వక అంచనా తీసుకుని.

రిపేరు అమ్మేవాళ్ల చేత చేయించుకోవడం కన్నా ఆ మేరకు ధర తగ్గించుకుని మీరే చేయించుకోవడం మంచిది. వెళ్లిపోయే మనిషి లీకును పైపైన పూయించి పంపేస్తాడు, ఆయన్ని అనడానికీ లేదు. అంచనా వేయలేని లోపాలు, అంటే ఇంకా కుంగుతున్న పునాది, భవనమంతా పాకిన తుప్పు, అనుమతి లేకుండా లేపిన అంతస్తు ఉంటే ధర తగ్గినా నేను కొనను. ఫ్లాట్లలో అయితే మిగతా యజమానులందరూ డబ్బు వేస్తేనే ఆ రిపేరు జరుగుతుంది, అది మీ ఒక్కరి చేతిలో లేదు.

రిజిస్ట్రేషన్ ముందు రోజు ఖాళీ చేసిన ఇంట్లో రిపోర్టు పట్టుకుని ఒకసారి తిరగండి. సామాను తీశాక ఇంతకు ముందు కనిపించని గోడలు కనిపిస్తాయి. ఒప్పుకున్న రిపేర్లు జరిగాయో లేదో చూసి, మిగిలిన పగుళ్ల చివర పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేసి ఫొటో తీసుకోండి. ఆరు నెలల తర్వాత పగులు ఆ గీత దాటిందో లేదో చూసి, దాటితే అదే ఇంజనీరుకు పాత ఫొటో, కొత్త ఫొటో రెండూ పంపండి.